డాల్డా రేకు మందం

కిందటి నెలలో ఒక మధ్యాహ్నం మా నాన్న రంపం మిషను పై చక్రానికున్న బేరింగు మూత విప్పాను. దానికి రెండు బోల్టులు. కిరసనాయిలు పోసి రెండు రోజులు నానబెడితే ఒకటి కదిలింది. రెండోది ఇంకో రోజు మొండికేసింది. మూత లేచేసరికి దాని కింద రెండు పక్కలా సన్నటి రేకు ముక్కలు కనిపించాయి. గోటితో ఒకటి పైకి లాగి పంచె కొంగుతో తుడిస్తే పసుపు రంగు తేలింది. ఆ పసుపు మీద పచ్చటి చెట్టు బొమ్మలో సగం. డాల్డా డబ్బా! పండక్కి కొన్న డబ్బా ఖాళీ అయ్యాక మా అమ్మ అందులో చింతపండు పోసుకునేది. నాలుగైదేళ్లకి అడుగు తుప్పుపట్టి ఊడిపోతే అప్పుడది నాన్న చేతికి వచ్చేది. మా ఇంట్లో ఏ వస్తువూ ఒక్క జన్మతో పోయేది కాదు.

ఈ రేకుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఇప్పటి మిషన్లలో ఉక్కు గుండ్ల బేరింగులుంటాయి. అరిగితే తీసి పారేసి కొత్తది కొట్టుకోవడమే. ఆ పాత మిషన్లలో గుండ్లు లేవు. పోత ఇనుము గూట్లో మెత్తటి తెల్లలోహం పోసి, అందులో షాఫ్టు తిరిగేట్టు చేసేవారు. షాఫ్టు ఖరీదైనది, అది అరగకూడదు. అరుగుదలంతా ఆ మెత్తటి లోహమే భరించాలి. అరిగినకొద్దీ షాఫ్టు వదులై లోపల కొట్టుకుంటుంది. అప్పుడు మూత విప్పి, రెండు పక్కలా ఒక్కో రేకు తీసేసి మళ్లీ బిగిస్తే, మూత ఆ రేకు మందమంత కిందికి దిగి షాఫ్టుని పట్టుకుంటుంది. 1968లో నాన్న ఈ బేరింగు పోసినప్పుడు ఒక్కో పక్క అయిదేసి రేకులు పెట్టాడు. నేను అక్కడే ఉన్నాను, కత్తెర పట్టి కత్తిరించింది నేనే. ఇప్పుడు రెండేసి ఉన్నాయి. మిగతా ఆరింటి కోసం వెతకాల్సిన పని లేకపోయింది. మిషను పాదం దగ్గర చిన్న గూట్లో అగ్గిపెట్టె ఉంది. ఆ అగ్గిపెట్టెలో ఆరూ ఉన్నాయి, పాత నూనె జిడ్డుతో ఒకదానికొకటి కరుచుకుని.

ఇరవై ఆరేళ్ల కోతకి మూడు రేకుల అరుగుదల. నేను లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయినవాణ్ణి. ఇంత నమ్మకంగా రాసిపెట్టిన లెక్క నేను ఏ పిల్లవాడి పుస్తకంలోనూ చూడలేదు.

మాది ధవళేశ్వరం. కాటన్ దొర 1852 నాటికి పూర్తిచేసిన ఆనకట్ట ఊరు. ఆ ఆనకట్టకి, కాలవలకి, లాకులకి కావలసిన పనుల కోసం సర్కారు వారు ఇక్కడొక వర్క్‌షాపు నడిపేవారు. లాకుల తలుపులు టేకు కర్రతో చేసేవారు. ఒక్కో తలుపు మా ఇంటి గోడంత ఉండేదని చెప్పేవారు. మా తాత అందులో కొయ్య పని చేశాడు. బాడిస, ఉలి, చిత్రిక ఆయనకి వంశంలోనే ఉన్నాయి. కానీ తిరిగే షాఫ్టులూ, పోత పోసే మూకుళ్లూ, నూనె వత్తులూ ఆయన అక్కడే చూశాడు. చూసింది ఇంటికి తెచ్చాడు. మా వీధిలో చదువు లేని మనుషులు కూడా మిషను ముందు తడబడకపోవడానికి ఆ వర్క్‌షాపే కారణమని నా నమ్మకం.

మిషను మా ఇంటికి 1962లో వచ్చింది. నాకప్పుడు ఎనిమిదేళ్లు. రాజమండ్రిలో ఒక కలప అడితి వాళ్లు కొత్త మిషను తెచ్చుకుని దీన్ని తీసేస్తున్నారని తెలిసి నాన్న వెళ్లి బేరమాడాడు. కొంత డబ్బు ఇచ్చి, మిగతా బాకీకి వాళ్లింటికి రెండు జతల తలుపులు చేసిపెట్టే ఒప్పందం మీద తెచ్చాడు. రెండెడ్ల బళ్లలో ముక్కలు ముక్కలుగా వచ్చింది. అరటన్ను పైమాటే. చేతిగొడుగు వంపులా వంగిన పోత ఇనుప ఒళ్లు, పైనొకటి కిందొకటి 30 అంగుళాల చక్రాలు, మధ్యలో బల్ల. ఆ రెండు చక్రాల మీద నడుంపట్టీలా తిరిగే అంగుళం వెడల్పు రంపపు పట్టీ, పొడవు దాదాపు 16 అడుగులు. ఇనుప ఒంటి మీద ఉబ్బెత్తుగా పోతపోసిన ఇంగ్లీషు అక్షరాలున్నాయి: థామస్ రాబిన్సన్ అండ్ సన్, రాచ్‌డేల్. ఇంగ్లండులో ఆ కంపెనీ వాళ్లు కొయ్య కోసే మిషన్లూ, పిండి మరలూ రెండూ తయారుచేసేవారట. నేను ఇంగ్లీషు అక్షరాలు బళ్లో పలక మీద కన్నా ముందు ఆ ఇనుము మీద వేలితో తడిమి నేర్చుకున్నాను. ఇప్పటికీ ఆర్ అనే అక్షరం రాసేటప్పుడు వేలికి చల్లగా తగిలినట్టుంటుంది.

మిషను వచ్చాక ఇల్లే దాని చుట్టూ సర్దుకుంది. పెరటి వసారా పనిపాక అయింది. బియ్యం చెరగడం, వడియాలు పెట్టడం వీధి వైపుకి మారాయి, ఎందుకంటే కోత మొదలైతే పెరడంతా పొట్టే. ఆ పొట్టు మాత్రం గుప్పెడు కూడా వృథా అయ్యేది కాదు. వంటింట్లో పొట్టుపొయ్యి ఉండేది. రేకు డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు దట్టించి కూరి, సీసా మెల్లగా పైకి లాగేస్తే నిలువునా బొరియ మిగులుతుంది. అడుగున పక్క కన్నంలోంచి నిప్పు పెడితే పూట వంట అంతా దాని మీదే. పొగ వాసన పట్టి ఇవాళ ఏ కర్ర కోశారో అమ్మ చెప్పేసేది. "మద్ది కోసినట్టున్నారు, పప్పు ఇంకా ఉడకలేదు" అనేది. టేకు పొట్టు నిదానంగా, మామిడి పొట్టు గబగబా మండేదట. వడ్రంగి ఇంటి ఆడవాళ్లకి కర్ర గురించి తెలిసినంత, కర్ర కొనే షావుకార్లకి తెలిసుండదు.

కర్ర నది మీద వచ్చేది. పైన ఏజెన్సీ అడవుల్లో కొట్టిన దుంగలూ వెదుళ్లూ కలిపి తెప్పలు కట్టి, శబరిలోంచి గోదావరిలోకి, పాపికొండల సందులోంచి రాజమండ్రి రేవుల దాకా వదిలేవారు. తెప్ప మీదే వంట, తెప్ప మీదే నిద్ర. రేవులో దుంగల్ని ఒడ్డుకి లాగితే వాటి కొసన అటవీ శాఖ వారి సుత్తి ముద్ర ఉండేది. నాన్న ఆ ముద్ర చూసేవాడు కాదు. దుంగ కొస మీద నీళ్లు చల్లి, ఒక చెవి ఆనించి, రెండో కొసన నన్ను గోటితో గీకమనేవాడు. గీసిన చప్పుడు స్పష్టంగా వినిపిస్తే లోపల గుల్ల లేదన్నమాట. కర్రని చెవితో కొనేవాడు. మిషనునీ చెవితోనే నడిపేవాడని తరవాత అర్థమైంది.

మిషను ఒక్కటే మా పెరట్లో ఉండేది కానీ దాన్ని బతికించే మనుషులు ఊరంతా ఉండేవారు. నేను చెప్పాలనుకున్నదల్లా నిజానికి ఇదే.

మొదట బెల్టు. మోటారుకీ మిషనుకీ మధ్య నాలుగు అంగుళాల తోలు బెల్టు. నిమిషానికి 1440 చుట్లు తిరిగే మోటారు మీద 5 అంగుళాల పుల్లీ, మిషను మీద 14 అంగుళాల పుల్లీ. బెల్టు జారకపోతే కింది చక్రం నిమిషానికి 514 చుట్లు తిరగాలి. కొంచెం జారుతుంది కాబట్టి 500 అనుకోవచ్చు. నాకు నిష్పత్తి అనేది ఈ రెండు పుల్లీల వల్లే తలకెక్కింది. ఆ పుల్లీలు చూడ్డానికి చదునుగా ఉంటాయి కానీ నడుమ కాస్త ఉబ్బుగా ఉంటాయి. ఆ ఉబ్బు వల్లే బెల్టు పక్కకి పోకుండా నడిమికి ఎక్కి నిలుస్తుంది. పక్కన కంచె అక్కర్లేదు. చదునైన పుల్లీ మీద బెల్టు నిలవదు, పక్కలు ఎత్తుగా ఉన్నా దాని అంచు ఎక్కి తెగుతుంది. చిన్నప్పుడు ఇది నాకు మాయలా ఉండేది, ఇప్పుడూ ఉంటుంది.

ఆ బెల్టు తెగితే పేట నించి తోలు పని చేసే ఒక పెద్దాయన వచ్చేవాడు. కొసలు వాలుగా చెక్కి, రెండు వరసల చిల్లులు పొడిచి, పచ్చితోలు వారుతో కుట్టేవాడు. ఆ కుట్టు పుల్లీ వైపు తాళ్లన్నీ నిలువుగా, పైవైపు మాత్రమే ఏటవాలుగా ఉండేట్టు చూసేవాడు. లోపలి వైపు ఏటవాలు పడితే తాడు రుద్దుకుని తెగుతుంది. బెల్టు ఎండితే ఆముదం పట్టించాలి, జారితే గుగ్గిలం పొడి చల్లాలి. ఏది ఎంతో ఆయన బెల్టుని రెండు వేళ్ల మధ్య మడిచి చెప్పేవాడు. ఆయనకి కాఫీ వేరే గ్లాసులో ఇచ్చేవారు. ఆ గ్లాసు పాక చూరులో బోర్లించి ఉండేది, తాగి ఆయనే కడిగి మళ్లీ అక్కడే పెట్టేవాడు. ఆయన కుట్టిన బెల్టు మీదే మా ఇంటిల్లిపాదీ అన్నం తిన్నాం. ఆ గ్లాసు సంగతి వదిలేసి ఆ రోజులు బాగుండేవని రాస్తే అది అబద్ధమవుతుంది. పోయినవాటిలో ఆ గ్లాసూ ఉంది. దాని కోసం నాకు బెంగ లేదు.

రంపపు పట్టీ తెగితే కంసాలి మావయ్య. కమ్మరి, వడ్రంగి, కంచరి, శిల్పి, కంసాలి, ఈ అయిదు పనుల వాళ్లం ఒకటేనని మా పెద్దలు చెప్పేవారు. వరసలు కలిపి పిలుచుకునేవాళ్లం. తెగిన పట్టీ చుట్టచుట్టి నేను పట్టుకెళ్తే మావయ్య కుంపటి ముందు కూచుని, "ఏం రా అల్లుడూ, మీ నాన్న మళ్లీ మేకు కోశాడా?" అనేవాడు. ఇళ్ల నించి విప్పిన పాత దూలాల్లో మేకులుండేవి. తెగిన రెండు కొసల్నీ ఆకురాయితో పలచగా, ఏటవాలుగా అరగదీసి, ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టి, నడుమ వెండి అతుకు పలుకు, వెలిగారం పెట్టి, ఊదుగొట్టంతో ఊది అతికేవాడు. ఆ తరవాత మళ్లీ ఆకురాయి. అతుకు ఎక్కడుందో కళ్లు మూసుకుని వేలితో వెతికితే దొరకకూడదు. అదీ ఆయన పరీక్ష. నేను చాలాసార్లు వెతికాను, దొరికేది కాదు. ముక్కుపుడకలు అతికే చెయ్యి అది.

ఈ అతుకు ఎంత పెద్ద విషయమో చాలా ఏళ్ల తరవాత చదువుకున్నాను. ఇలా చుట్టూ తిరిగే రంపానికి లండనులో విలియం న్యూబెరీ అనే ఆయన 1808లోనే పేటెంటు తీసుకున్నాడు. కానీ అది పనికి రాలేదు. చక్రాల మీద వంగుతూ నిటారవుతూ తిరిగే పట్టీ అతుకు దగ్గర తెగిపోయేది. 1846లో ఫ్రాన్సులో ఆన్ పోలిన్ క్రెపిన్ అనే స్త్రీ ఆ అతుకు నిలిచే పద్ధతి కనిపెట్టి పేటెంటు తీసుకుంది. ఆ తరవాతే ఈ మిషను లోకానికి పనికొచ్చింది. అంటే ముప్ఫై ఎనిమిదేళ్లు ఒక మిషను మొత్తం ఒక్క అతుకు కోసం ఆగింది. మావయ్యకి ఇది చెప్పాలని ఉండేది. నేను చదివేనాటికి ఆయన లేడు.

ఇక బేరింగు. దాని పోతే మా ఇంట్లో అన్నిటికన్నా పెద్ద పని. 1968 వేసవిలో పై చక్రం బేరింగు రేకులన్నీ అయిపోయాయి. తీయడానికి ఇంకేమీ లేదు. లోహం అడుగంటింది. కోస్తుంటే పట్టీ అటూ ఇటూ ఊగి, కర్ర మీద కోత మెట్లు మెట్లుగా పడుతోంది. నాన్న మిషను పక్కన కర్ర ముక్క ఒకటి తీసి, ఒక కొస బేరింగు మీద, ఒక కొస చెవి వెనక ఎముక మీద ఆనించి విన్నాడు. నన్నూ వినమన్నాడు. లోపల ఎవరో గులకరాళ్లు నములుతున్నట్టుంది. "ఇక పొయ్యాల్రా" అన్నాడు.

తెల్లలోహం అంటే ప్రధానంగా తగరం, దానిలో కొద్దిగా రాగి, కొద్దిగా అంజనం. ఈ మిశ్రమాన్ని 1839లో అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రం టాంటన్ ఊళ్లో ఐజాక్ బాబిట్ తయారుచేశాడు. ఆయన వృత్తి స్వర్ణకారం. ఎక్కడి కంసాలి, ఎక్కడి ధవళేశ్వరం పెరడు! మెత్తటి లోహంలో గట్టి రవ్వలు పొదిగి ఉంటాయి. షాఫ్టు భారం రవ్వలు మోస్తాయి, చుట్టూ మెత్తన అరిగిన చోట నూనె నిలుస్తుంది. ఇసుక రేణువు పడినా లోహంలో కూరుకుపోతుందే తప్ప షాఫ్టుని గీయదు.

పాత లోహాన్ని కరిగించి తీసేశాక గూడు కడిగి ఎండబెట్టారు. రెండు రోజులు షాఫ్టుని నిలబెట్టడానికే పట్టింది. పోసేటప్పుడు షాఫ్టు ఎక్కడుంటే లోహం అక్కడే గడ్డకడుతుంది. వెంట్రుకవాసి తేడా వస్తే పై చక్రం, కింది చక్రం ఒక తలంలో ఉండవు, పట్టీ జారిపోతుంది. నాన్న రెండు చక్రాల అంచుల మీదుగా పై నించి కిందికి సన్నటి దారం బిగించి లాగి, నాలుగు అంచులకీ దారం ఒక్కలా తాకేదాకా కర్ర చీలికలు దిగ్గొడుతూ, తీస్తూ కూచున్నాడు. దారానికీ అంచుకీ మధ్య గోడ క్యాలెండరు కాగితం దూర్చి చూసేవాడు. కాగితం పట్టుకోకూడదు, వదులుగా జారిపోకూడదు. లాగితే తెలిసీ తెలియనట్టు రావాలి. మా ఇంట్లో తారీకులు చిరిగిన క్యాలెండరు కాగితాలు పారేసేవాళ్లం కాదు, అవి కొలతలు.

తరవాత ఆముదం దీపం వెలిగించి షాఫ్టు చుట్టూ మసి పట్టించారు, అచ్చం కాటుక పట్టినట్టే. ఆ మసి పొర వల్లే లోహం షాఫ్టుకి అతుక్కోదు. గూటి పక్క సందులన్నీ నూనెతో పిసికిన మట్టితో మూయాలి. నీళ్ల మట్టి పనికిరాదు. లోహం 240 డిగ్రీల దగ్గర కరగడం మొదలుపెట్టినా, పోయడానికి ఇంకా చాలా వేడి కావాలి. మాకు థర్మామీటరు ఎక్కడిది? ఎండు వెదురు పుల్ల ముంచి చూసేవాడు. పుల్ల నల్లబడి పొగ రావాలి, మంట రాకూడదు. మంట వస్తే లోహం మాడింది, రంగు కూడా మారకపోతే చాలలేదు.

పోత మాత్రం మూడు గుటకల సేపు. మూకుడులోంచి ఒకే ధార, ఆగకుండా, వణక్కుండా. ఆగితే పొర పడుతుంది, ఆ పొర దగ్గరే తరవాత పగులుతుంది. నాన్న ఊపిరి బిగబట్టి పోశాడు. పోస్తుండగా చటుక్కున పేలినట్టయింది. వెండి చుక్కలు ఎగిరి ఆయన కుడి ముంజేతి మీద పడ్డాయి. చెయ్యి కదల్లేదు. ధార తెగలేదు. గూడు నిండాకే మూకుడు దించి చేతి వంక చూసుకున్నాడు.

నూనె మట్టి చాలక, వెనక వైపు చిన్న సందు నీళ్ల మట్టితో మూసింది నేను. ఎవరికీ చెప్పలేదు. పద్నాలుగేళ్ల వాడికి ఎండిపోయిందనిపించింది. అమ్మ పరుగున వచ్చి పెరట్లో కలబంద చీల్చి రాసింది. సాయంత్రం నేనే వెళ్లి చెప్పాను. నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "తడి పైకి కనపడదు అబ్బాయ్. పోసేముందు ఒకసారి అడగాలి" అన్నాడు. ఆ మచ్చలు నాలుగు. ఆయన చితి మీద పడుకున్నప్పుడు కూడా నా కళ్లు వాటి మీదే ఉన్నాయి.

మర్నాటి నించి గీకుడు. దీపం మసిలో నూనె కలిపి షాఫ్టుకి పలచగా పూసి, గూట్లో పెట్టి ఒక చుట్టు తిప్పి తీస్తే, లోహం ఎక్కడ ఎత్తుగా ఉందో అక్కడ నల్లమచ్చ పడుతుంది. మూడు పలకల ఆకురాయిని సానబట్టి చేసుకున్న గీకుడు కత్తితో ఆ మచ్చనే గీకాలి. మళ్లీ పూయాలి, తిప్పాలి, గీకాలి. మొదట మూడు మచ్చలు, తరవాత పది, నాలుగో రోజుకి నిండా చింతగింజల్లా పరుచుకున్నాయి. అప్పుడు నూనె కోసం గాళ్లు చెక్కి, డాల్డా రేకులు పెట్టి, మూత బిగించాడు. మిషను నడిపి గంట అయ్యాక నా అరచెయ్యి తీసుకుని బేరింగు మీద పెట్టి పది లెక్కపెట్టమన్నాడు. పది దాకా చెయ్యి ఉంచగలిగితే బేరింగు బాగున్నట్టు. ఉంచగలిగాను.

అందుకే 1986 ఆగస్టు వరద గురించి నాకు రెండు రకాల భయాలు గుర్తున్నాయి. ఆనకట్ట దగ్గర 35 లక్షల క్యూసెక్కుల గోదావరి పోతోంటే, మా పల్లపు వీధిలోకి మురుగు కాలవలు వెనక్కి తన్ని పాకలోకి నడుం లోతు నీళ్లొచ్చాయి. పిల్లల్ని, అమ్మని మెరక మీదికి చేర్చాక నాన్న వెనక్కి వెళ్లి, ఆ నీళ్లలోనే నిలబడి మోటారు విప్పి అటక ఎక్కించాడు. ఆయనకి అరవై దాటాయి. నీళ్లు తీశాక కింది చక్రం, దాని బేరింగు ఒండ్రుతో కప్పబడిపోయి ఉన్నాయి. ఒండ్రు ఆరకముందే కడగాలని ఆయన తొందర. ఆరితే ఉప్పుకాగితం అవుతుందన్నాడు. పది రోజులు ఇద్దరం కిరసనాయిలు, కొబ్బరి పీచు పట్టుకుని కూచున్నాం. నేను స్కూలుకి సెలవు పెట్టాను. మా ఇద్దరి మధ్యా మాటలు ఎప్పుడూ తక్కువ. ఆ పది రోజుల్లో మాట్లాడుకున్నదే ఎక్కువ, అదీ అంతా కింది చక్రం గురించే.

తరవాతి కథ త్వరగా చెప్పేస్తాను. ఫ్లష్ డోర్లు వచ్చాయి, ప్లైవుడ్ వచ్చింది, అల్యూమినియం కిటికీలు వచ్చాయి. చేతిలో పట్టే కరెంటు చిత్రికలు వచ్చాయి. టేకు మామూలు మనిషికి అందకుండా పోయింది. 1994లో నాన్న పోయారు. మిషను మీద గోనెపట్టా కప్పాం. దసరాకి ఏటా పట్టా తీసి, చక్రానికి పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసి, మళ్లీ కప్పేవాళ్లం. పాత ఇనుము కొనేవాళ్లు మూడుసార్లు అడిగారు. మూడోసారి వచ్చినాయన తూకం లెక్క వేసి చెబుతుంటే లోపల్నించి మా ఆవిడ వచ్చి, "అది అమ్మేది కాదండీ" అంది. నాకన్నా ముందు ఆమే అంది.

ఏడాదిన్నరగా దాన్ని మళ్లీ నిలబెడుతున్నాను. తుప్పు వదిలించడం కష్టమేం కాదు, ఓపిక పని. మోటారుకి తీగ చుట్టించాను. పట్టీ జారకుండా చక్రాల అంచుల మీద వేసిన తోలు చెదలు తినేసింది. కొత్త రబ్బరు పట్టీ అతికించి, చక్రం తిప్పుతూ గరుకు కాగితం చుట్టిన చెక్క ఆనించి, అంచులు కాస్త దిగి నడుమ ఉబ్బుగా ఉండేట్టు అరగదీశాను. బెల్టు పుల్లీల్లో ఉన్న మాయే ఇక్కడా. ఎగువ చక్రాన్ని వెనక్కి ముందుకి వాల్చే మర ఉంది. చేత్తో చక్రం తిప్పుతూ మరని పావు చుట్టు పావు చుట్టు తిప్పితే, పట్టీ నెమ్మదిగా కదిలి నడిమికి వచ్చి నిలబడింది. ఆ క్షణం పాకలో ఎవరైనా ఉంటే బాగుండనిపించింది. పట్టీకి అటూ ఇటూ ఉండే పట్టుదిమ్మల్ని కాగితమెత్తు ఎడంగా సర్దాను. మా ఇంట్లో ఇప్పుడు గోడ క్యాలెండరు లేదు. ఎదురింటి వాళ్లని అడిగి తెచ్చుకున్నాను.

ఆగిపోయింది ఎక్కడంటే మనుషుల దగ్గర. తోలు బెల్టు కుట్టేవాళ్లు లేరు. ఆ పెద్దాయన మనవడు బెంగుళూరులో ఇంజనీరు. ఫోను చేస్తే సంతోషంగా మాట్లాడాడు. తాత దగ్గర చూసిన కుట్టు గుర్తుందా అని అడిగితే, కుట్టు గుర్తులేదు గానీ తాత చేతుల వాసన గుర్తుందన్నాడు. గుగ్గిలం కొట్టు వాళ్లు, ధూపానికా అని అడిగారు. కంసాలి మావయ్య కుంపటి ఉన్న అరుగు మీద ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు. ఒకప్పుడు అయిదారిళ్లలో పంచి ఉన్న పనులన్నీ నేనొక్కణ్ణే నేర్చుకోవాల్సి వస్తోంది, అదీ డెబ్బై ఏళ్లు వచ్చాక, చూపు తగ్గాక. కుట్టు నేర్చుకున్నాను. లోపలి వైపు నిలువు తాళ్లు, పైన ఏటవాలు. చిన్నప్పుడు చూసింది చేతులు మర్చిపోలేదు. గీకుడు కత్తి నాన్నదే దొరికింది. బేరింగు పోయాల్సిన అవసరం లేదు, ఇంకా రెండేసి రేకులున్నాయి. నేను ఉన్నంతకాలం చాలు.

అతుకే లొంగడం లేదు. వెల్డింగు షాపులో అతికిస్తే రెండు రోజుల్లో పక్కనే పుటుక్కుమంది. దాంతో వెలిగారం, వెండి అతుకు పలుకు, చిన్న గ్యాసు దీపం తెచ్చుకుని నేనే కూచున్నాను. మొదటిది అతుక్కోలేదు. రెండోది వంకరగా అతుక్కుంది. మూడోది నిన్న సాయంత్రం నిలిచింది. పట్టీ ఎక్కించి, బిగించి, మోటారు వేశాను. బెల్టు ఒకసారి చరిచి అందుకుంది. చక్రాలు అందుకున్నాయి. పాత వేప దూలం ముక్క బల్ల మీద పెట్టి తోశాను. కోత నిటారుగా పడింది. పొట్టు గాలిలోకి లేచింది, వంటింట్లోంచి మా ఆవిడ, "వేపా?" అని కేకేసింది.

గంట నడిపి బేరింగు మీద అరచెయ్యి పెట్టి పది లెక్కపెట్టాను. చెయ్యి ఉంది. కర్ర ముక్క చెవి వెనక ఆనించి విన్నాను. గులకరాళ్లు లేవు. కానీ పట్టుదిమ్మల దగ్గర సన్నగా ఒక చప్పుడు, టక్ టక్ టక్ టక్, సెకనుకి నాలుగుసార్లు. పట్టీ పొడవుకీ చక్రం వేగానికీ లెక్క వేసి చూశాను, సరిగ్గా అదే. అతుకు ఒక్కో చుట్టూ వచ్చిపోతూ తగులుతోంది. మిషను ఆపి, కళ్లు మూసుకుని పట్టీ మీద వేలు నడిపించాను. పదహారడుగుల్లో ఒకే ఒక్కచోట, వేలికి దొరికింది. ఆ ఎత్తు క్యాలెండరు కాగితమంత కూడా ఉండదు. రేపు పొద్దున్నే విప్పి, ఆకురాయి పట్టుకుని మళ్లీ కూచోవాలి.